చెక్కడపు పని ఎవరియొద్ద నేర్చుకొనవలెను?



గడచిన వేసవిలో ఉద్దానమునందలి ఒక గ్రామమున ప్రార్థన కూటము ముగిసిన తరువాత ఒక యువకుడు వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపానులో అతని తండ్రి జీడితోటయు కొబ్బరిచెట్లును కూలిపోయినవి. ఆ తరువాత అతడు, మన ప్రాంతపు యువకులనేకులవలె, చెన్నపట్టణము వెళ్లి కొన్ని సంవత్సరములు కూలి చేసెను. ఇప్పుడు ఇంటికి వచ్చి, లేజరు కాంతితో చెక్కు యంత్రమొకటి కొని, పలాసలో చిన్న దుకాణము పెట్టదలచియున్నాడు.

"అయ్యగారూ, ఏ మిషను కొనమంటారని అడగటానికి రాలేదు. అది నేను కనుక్కుంటాను. కాశీబుగ్గలో ఒకాయన ఈ పనే చేస్తున్నాడు. మంచోడు. వస్తే నేర్పుతానన్నాడు. ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన వీధిలోనే నేనూ దుకాణం పెడితే అది పాపమా?" అని అడిగెను.

వెంటనే ఉత్తరమియ్యలేక, రేపు రమ్మని చెప్పితిని. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఈ నెల వ్రాయుచున్నది ఆ ప్రశ్నను గూర్చియే.

ఈ యంత్రమును చూడనివారికొరకు రెండు మాటలు చెప్పవలెను. లేజరు కాంతిని మొదట 1960లో అమెరికాలో పుట్టించిరి. 1964లో, మహారాష్ట్రమునందలి బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ గారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు వాయువుతో లేజరును తయారుచేసిరి. చిన్న దుకాణములలోని చెక్కడపు యంత్రములు అనేకము నేటికిని ఆ వాయువుతోనే పనిచేయుచున్నవి. ఆ కిరణము కంటికి కనబడదు. అది కొయ్యను, కొబ్బరిచిప్పను, తోలును, ఆక్రిలికు పలకను కాల్చి అక్షరము వ్రాయును. అయితే బుడితి ఇత్తడి చెంబుమీద పేరు వేయుమనిన వేయలేదు. మెరుగుపెట్టిన ఇత్తడి ఆ కాంతిని వెనుకకు కొట్టివేయును. దానికి ఫైబరు లేజరు అను వేరు యంత్రము కావలెను. నున్నగా మెరుగుపెట్టిన నల్లరాతిమీద ఇది పైపొరను మాత్రము చిట్లించి తెల్లని గీత వేయును. రాయి ఎంత నల్లనిదైన అక్షరము అంత స్పష్టముగా కనబడును. మన టెక్కలి నీలపు రాతివలె పలురంగుల పలుకులున్న దానిలో అక్షరము కొంత కలిసిపోవును. ఉలితో చెక్కిన లోతు దీనికి రాదు. అమ్మువాడు వీటిలో ఏదియు చెప్పక, "అన్నిటిమీద పనిచేయును" అనినయెడల, మొదటి మాటలోనే అతడెవడో తెలిసికొనవచ్చును.

మన యువకుని యెదుట మూడు ద్వారములుండెను. దూరపు నగరమునుండి టెలిఫోనులో మాట్లాడు వర్తకుడొకడు తక్కువ వెలకు యంత్రమును లారీలో పంపెదననెను. శిక్షణ ఏమనగా, కొన్ని వీడియోలు. విశాఖపట్టణపు వర్తకుడు దాదాపు రెండింతలు అడిగెను. అయితే ఐదు దినములు తనయొద్ద కూర్చుండబెట్టి నేర్పుదుననియు, చెడిపోయినయెడల మనిషిని పంపుదుననియు చెప్పెను. మూడవది కాశీబుగ్గ ఆయన.

మొదటి వర్తకుడు ఇంకొక మాటయు చెప్పెనట. ఈ యువకుడు 2008లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉపాధి కల్పన పథకము క్రింద బ్యాంకులో అప్పు అడుగదలచెను. గ్రామములలో కొన్ని వర్గములవారికి పథకపు వ్యయములో 35 శాతము వరకు రాయితీ ఇచ్చు ఏర్పాటు అది. అది తెలిసి, "బ్యాంకుకు వెల పెంచి వ్రాసి ఇచ్చెదను, మిగిలినది మీకే" అని ఆ వర్తకుడు ఆశపెట్టెను. సామెతల గ్రంథము దొంగత్రాసును గూర్చి ఎన్నిమార్లు చెప్పినదో మీరెరుగుదురు. బ్యాంకును మోసగించుటకు మనకు తోడుపడువాడు రేపు మనలను మోసగించుటకు మరియొకనికి తోడుపడడా? ఈ ద్వారమును గూర్చి నేను ఎక్కువసేపు ఆలోచింపలేదు.

అయితే వీడియోలతో నేర్చుకొనుట చాలదా అని కొందరు అడుగుదురు. బొత్తాములు నొక్కుట ఒక్క దినములో వచ్చును. రానిది ఏమనగా, ఏది చేయకూడదో తెలియుట. గాజుగొట్టము చుట్టు నీరు ప్రవహించుచుండవలెను. నీరు ఆగినయెడల గొట్టము పగులును. ఆ నీరు బావినుండి తోడిన ఉప్పునీరు కారాదు, బట్టీపట్టిన శుద్ధజలము కావలెను. నీటి చెడుగు మన ఉద్దానమువారికి నేను చెప్పనక్కరలేదు. రెగ్జినువంటి పి.వి.సి. కలిసిన సరుకును ఈ యంత్రములో పెట్టరాదు. దానినుండి వెలువడు ఆమ్లపు పొగ ఊపిరితిత్తులను, యంత్రపు ఇనుమును కూడ తినివేయును. కిరణమునకు తగిన కళ్లద్దములే పెట్టుకొనవలెను. లోపల వేలకొలది వోల్టుల విద్యుత్తు నడచును గనుక భూమితీగె సరిగా ఉండితీరవలెను. పని జరుగుచుండగా లేచి టీ త్రాగ వెళ్లరాదు. కొయ్య ఎప్పుడంటుకొనునో తెలియదు. పలాస జీడిపిక్కల కర్మాగారములలో పిక్కలు కొట్టు మన అక్కచెల్లెండ్రకు, ఆ పిక్కనూనె చేతులను కాల్చకుండ ఏమి పూసుకొనవలెనో ఏ కాగితము నేర్పలేదు. ప్రక్కన కూర్చున్న పెద్దామె నేర్పెను.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. నా తల్లిగారు ప్రభువునందు నిద్రించిన తరువాత సమాధిమీద పెట్టుటకు రాతిపలక చేయించితిని. ఎక్కడనో చెప్పను. ముగ్గురిని అడిగి, అందరికన్న తక్కువ చెప్పినవానికిచ్చితిని. పలక వచ్చినది. ఆమె పేరులో రెండు వత్తులున్నవి. ఒకటి అక్షరము క్రిందనుండక ప్రక్కకు వచ్చి పడినది, రెండవది అసలే లేదు. చెక్కినవాడు నవయువకుడు. "కంప్యూటరులో సరిగానే ఉందండి, మిషనులోకి వెళ్లాక అలా అయిపోయింది" అని కన్నీళ్లు పెట్టుకొనెను. తెలుగు లిపి ఎరుగని సాఫ్టువేరులో అక్షరములను అక్షరములుగా పంపినయెడల వత్తులు విడిపోవును. వాటిని ముందుగా బొమ్మగా మార్చి పంపవలెను. యంత్రము అమ్మినవాడు వేరు భాషవాడు. అతడు ఆ సంగతి ఎరుగడు, ఇతనికి నేర్పలేదు. తప్పు ఎవరిది? అబ్బాయిదని అప్పుడు కోపగించితిని. ఇప్పుడు ఆలోచించగా, అమ్మి చేయి దులుపుకొనినవానిది కొంత, తక్కువ వెల చూచి తల్లి పేరును అప్పగించిన నాది కొంత. కాగితముమీది తప్పును దిద్దవచ్చును. రాతిమీది తప్పు మనకన్న ఎక్కువకాలము జీవించును.

సమూయేలు మొదటి గ్రంథము పదమూడవ అధ్యాయములో ఒక విచారకరమైన సంగతి ఉన్నది. ఇశ్రాయేలు దేశమంతటను కమ్మరివాడు లేకుండెను. నాగటినక్కు పదును పెట్టించుకొనవలెనన్నను ప్రజలు ఫిలిష్తీయులయొద్దకు దిగిపోవలసివచ్చెను. ఆయుధములు చేయుదురేమో అను భయముచేత ఫిలిష్తీయులు ఆ విద్యను వారికి దక్కనియ్యలేదు. పనిముట్లు వారి చేతిలోనే యున్నవి, విద్య మాత్రము పరుల చేతిలోనున్నది. నేర్పకుండ యంత్రమమ్మువాడు, తెలిసియో తెలియకయో, కొనినవానిని అట్టి స్థితిలోనే ఉంచుచున్నాడు. గొట్టము కాలిపోయిన ప్రతిసారి, అద్దము మసిపట్టిన ప్రతిసారి, అతడు చెప్పిన వెల ఇచ్చుకొనవలెను. గొట్టము ఎప్పటికైన అరిగిపోవు వస్తువే గదా.

దీనికి ఎదురుగా సొలొమోను చేసినది చూడుడి. దేవాలయమునకు దేవదారు మ్రానులు కావలెనని తూరు రాజును అడిగినప్పుడు, మ్రానులు మాత్రమే అడుగలేదు. చెక్కడపు పని తెలిసిన మనుష్యుని పంపుమని, అతడు యూదాలోను యెరూషలేములోను ఉన్న పనివారితో కలిసి పనిచేయవలెనని అడిగెను. సరుకును విద్యను ఒక్క ఉత్తరములోనే అడిగెను. ఎంత గోధుమ, ఎంత నూనె ఇచ్చునో అదియు ముందుగానే చెప్పెను. గీచి గీచి బేరమాడి, తరువాత ఉచితముగా సేవచేయుమని నిష్ఠూరమాడు అలవాటు మనలో కలదు. అదియు న్యాయము కాదు.

కాబట్టి విశాఖపట్టణపు ద్వారము మంచిదని తోచెను. అయినను, డబ్బిచ్చుటకు ముందు నీ సరుకును నీవే తీసికొనిపొమ్మని అతనితో చెప్పితిని: ఒక కొబ్బరిచిప్ప, టెక్కలి రాతిముక్క, తెలుగులో వ్రాసిన ఒక పేరు. నీ కన్నులయెదుట వాటిమీద చెక్కించుము. గొట్టము తనయొద్ద నిలువయున్నదో, ఎన్ని దినములలో వచ్చి అమర్చునో కాగితముమీద వ్రాయించుము. బిల్లు లేకుండ కొనకుము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వ్యాపారమునకు కొన్నవారిని వినియోగదారులుగా ఎంచదు గాని, స్వయం ఉపాధితో జీవనము గడుపుకొనుటకే కొన్నవారిని ఎంచును. ఫిర్యాదును అమ్మినవాని ఊరికి పోకుండ, తాను నివసించు జిల్లాలోనే చేయవచ్చును. అయితే అన్నిటికిని బిల్లే సాక్షి.

ఇక అతడు అడిగిన అసలు ప్రశ్న మిగిలినది. ఐదు దినముల శిక్షణ తరువాత చేయి తిరుగుటకు నెలలు పట్టును. ఆ నెలలు కాశీబుగ్గ ఆయనయొద్దనే గడపవలెను. మా సంఘ పెద్దయొకరు దీనిని విని నవ్విరి. "పలాసలో జీడిపప్పు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదా? అందరూ చేస్తేనే గదా దేశమంతటా పలాస పేరు తెలిసింది" అనిరి. మాట నిజమే గాని ఇక్కడికి పూర్తిగా అతకదు. జీడిపప్పును దేశమంతయు కొనును. పాఠశాల బహుమతులు, ఇంటి పేరుపలకలు, పెండ్లి కానుకలు పలాస కాశీబుగ్గలవారే కొనవలెను. రొట్టె ఒక్కటే యైనప్పుడు రెండవవాడు వచ్చిన మొదటివాని ముక్క చిన్నదగును.

బెసలేలును గూర్చి నిర్గమకాండము చెప్పుచు, దేవుడు అతనికి రత్నములు చెక్కు నేర్పును మాత్రమేగాక ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఇచ్చెనని చెప్పును. నేర్పుటయే వరమైనయెడల నేర్చుకొనుట పాపమెట్లగును? అయితే అబ్రాహాము లోతుల సంగతియు ఉన్నది. మేత చాలనప్పుడు పెద్దవాడే చిన్నవానికి ఎంపిక ఇచ్చెను. అది పెద్దవాని ఔదార్యము. చిన్నవాడు దానిని హక్కుగా ఎంచుకొని పచ్చని దిక్కునే పట్టుకొనెను. లోతు చేసినది నేరమని ఎవరును చెప్పలేరు, మెచ్చుకొనను లేరు.

నాకు తోచినది ఇది. నేర్చుకొనుట పాపము కాదు. ఉద్దేశమును దాచి నేర్చుకొనుట పాపము. ఆయన బల్లయొద్ద కూర్చుండి ఆయన ఖాతాదారుల పేర్లు వ్రాసికొనుట, ఆయన చెప్పిన వెల విని ఒక రూపాయి తగ్గించి పిలుచుట, పొరుగువాని సరిహద్దు రాయిని రాత్రివేళ జరుపుటయే.

మరునాడు ఈ మాటలే చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "అయితే ముందే చెప్పేస్తానండి. ఒప్పుకోకపోతే?" అనెను. ఒప్పుకొననియెడల విశాఖపట్టణములో ఎక్కువ దినములుండి, అన్నము ఖర్చు పెట్టుకొని నేర్చుకొనుమంటిని. అది నష్టమే. నష్టము లేదని నేను చెప్పలేదు.

అతడు వెళ్లి చెప్పెను. కాశీబుగ్గ ఆయన రెండు దినములు మాట్లాడలేదట. తరువాత తానే పిలిచి, కొయ్య పని తనకు చాలుననియు, రాతి పని చేయుటకు తనకు స్థలము లేదనియు, అది నీవు చూచుకొనుమనియు చెప్పెను. నేర్పినందుకు నెలకింత అని తీసికొనుచున్నాడు, అదియు మంచిదే.

నిన్న ఆ యువకుడు వచ్చి మా తల్లిగారి పేరు కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి ఇమ్మని అడిగెను. వ్రాసి ఇచ్చితిని. చాలసేపు చూచి, రెండవ వత్తుమీద వ్రేలు పెట్టి, "ఇది సరిగ్గా ఈ అక్షరం కిందనేనా, అయ్యగారూ?" అని అడిగెను.