వ్యాధియు నిందయు

మనుష్యునకు పెద్దవ్యాధి వచ్చినపుడు రెండు బాధలు కలుగును. మొదటిది దేహము పెట్టునది. దానికి వైద్యుడు కలడు. రెండవది ఇరుగుపొరుగువారు పెట్టునది. దానికి మందు లేదు. "ఎందుకు వచ్చినది?" అను ప్రశ్నతో ఈ రెండవ బాధ ఆరంభమగును. వైద్యుడును ఈ ప్రశ్ననే అడుగును గాని అతడడుగుట చికిత్స కొరకు. మనమడుగుట తీర్పు చెప్పుట కొరకు.

పూర్వము ఈ తీర్పునకు కర్మవిపాకగ్రంథములు ఆధారములు. ఏ పాపమునకు ఏ రోగము ఫలమో వివరించి చెప్పిన గ్రంథములు మన సంస్కృత వాఙ్మయమున కలవు. నేటి విద్యావంతులలో పెక్కుమంది వానిని విశ్వసింపరు. అయినను వారి నోట వినబడుచున్న మాట యేమి? "ఏమి తినెనో, ఎట్లు తిరిగెనో, ఒడలు వంచి పనిచేయనందుననే వచ్చినది" అని. పూర్వజన్మ పోయి ఈ జన్మ వచ్చినది. చిత్రగుప్తుని చిట్టా పోయి భోజనపు చిట్టా వచ్చినది. ముద్దాయి మాత్రము మారలేదు. నాడును నేడును రోగియే ముద్దాయి. వ్యాధికి కారణము తెలిసినంతమాత్రమున రోగిని నిందించు అధికారము మనకు లభించునా అను ప్రశ్నను ఇచట విచారింపదలచితిమి.

ఇది తర్కవినోదమని చదువరులు తలంపకుందురుగాక. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు గల ఊళ్లలోను, కొల్లేటి లంకగ్రామములలోను, స్తనమున గడ్డ కనబడిన స్త్రీ దానిని నెలల తరబడి పైటచాటున దాచుకొనుట అరుదు కాదు. నలుగురికి తెలిసినచో కూతురి పెండ్లి తప్పిపోవునని ఆమె భయము. "ఆ యింట ఆ రోగమున్నది" అను మాట పడవకంటె ముందుగా పెండ్లివారి యూరు చేరును. ఆమె ఏలూరు ఆసుపత్రికి వచ్చునప్పటికి, చిన్న శస్త్రచికిత్సతో పోవలసిన గడ్డ చంకలోని గ్రంథులకు ప్రాకియుండును. అట్టి చోట ప్రాణము తీసినది రోగమొక్కటియే యని చెప్పుట సత్యము కానేరదు. నిందకు అందు భాగము కలదు.

నిందావాదమునకు మొదటి యడ్డు పసిబిడ్డ. నాలుగేండ్ల బిడ్డకు రక్తపు కాన్సరు వచ్చినచో ఆ బిడ్డ చేసిన తప్పేమి? చుట్ట కాల్చలేదు, కల్లు త్రాగలేదు, సోమరియై కూర్చుండలేదు. ఇట్టి బిడ్డల చరిత్రతో మన సీమకు ఒక సంబంధము కలదు. కొల్లేటికి తూర్పున భీమవరములో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపట్టణమున వైద్యము చదివి అమెరికా చేరిరి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి, కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటినును 1927లో వెల్లడించిరి. సమస్త జీవకణములలోను నాణెమువలె చెల్లు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వారును, అదే యేడు జర్మనీలో వేరుగా లోమనును కనుగొనిరి. అన్నము శక్తిగా మారు త్రోవలో ఇది ప్రధానమైన మజిలీ.

పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆకుకూరలలో సమృద్ధిగా నుండు ఈ విటమిను కొరవడినచో రక్తము క్షీణించును. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణుల పాండురోగము ఈస్టుసారముతో కుదురుటను ప్రకటించిరి. ఆ సారమునందలి గుణము ఈ ఫోలిక్ ఆమ్లముదేయని తరువాత తేలినది. ఆ స్త్రీలకు రోగము తెచ్చినది పేదకూడు. సుబ్బారావుగారి సోదరులను బలిగొన్న సంగ్రహణి జాడ్యమునకు గూడ ఈ పదార్థమే మందైనది.

అయితే ఇదే పదార్థమునకు మరియొక ముఖము కలదు. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరు గల బిడ్డలకు ఫోలిక్ సంబంధమైన పదార్థములనిచ్చి చూడగా రోగము త్వరపడినట్లు కనబడెను. బిడ్డను పోషించునది రోగమును గూడ పోషించుచున్నదన్నమాట. అంతట ఆయన సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి, రూపమున ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెరచు అమినోప్టెరినును తెప్పించి వాడెను. 16 మంది బిడ్డలలో 10 మందికి రోగము కొంతకాలము వెనుకకు తగ్గినదని 1948 జూనులో ప్రకటించెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున మరణించిరి. అమినోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వైద్యుల చేతనున్నది. ఇతర మందులతో కలిపి సంపూర్ణచికిత్స దొరకిన చోట్ల, బిడ్డలకు ఎక్కువగా వచ్చు రక్తపు కాన్సరునుండి నూటికి 80 మందికి పైగా బ్రతికి బయటపడుచున్నారు.

ప్రాణులచే తినబడునదియు, ప్రాణులను తినునదియు అన్నమేయని తైత్తిరీయోపనిషత్తు వ్యుత్పత్తి చెప్పుచున్నది. ఫోలిక్ ఆమ్లపు కథ దీనికి చక్కని వ్యాఖ్యానము. పుణ్యాహారము, పాపాహారము అని కంచమును రెండుగా చీల్చి, రోగిని పాపాహారపు ప్రక్కకు నెట్టుటకు ప్రకృతి మనకు అనుమతి ఇచ్చుటలేదు.

ఈ విషయమున అర్ధజ్ఞానము చేయు అపకారము పెద్దది. కాన్సరు కణములు ప్రాణవాయువు చాలినంత ఉన్నను చక్కెరను పులియబెట్టి విశేషముగా వాడుకొనునని 1920 దశకములో ఆటో వార్బుర్గు అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఈ మాట నోట నోట పడి మన యూళ్లకు వచ్చుసరికి "తీపియు అన్నమును మానిపించినచో గడ్డ మాడిపోవును" అని మారినది. రోగి అన్నము మానినను, దేహము తన కండను కరిగించి చక్కెర చేసికొని రక్తమున నిలుపును. గడ్డకంటె ముందు మనిషి మాడును. చికిత్సను తాళు బలము పోవును. ఇట్లు మాడి మరణించినవానిని గూర్చియు లోకము "నోరు కట్టుకొనలేదు" అనియే చెప్పుకొనును.

కాన్సరు ఎట్లు పుట్టుచున్నదో కొంచెము చూతము. ఒక జీవకణము రెండగునపుడు తనలోని జన్యులేఖనమంతయు తిరిగి వ్రాసికొనవలెను. తల్లినుండి, తండ్రినుండి వచ్చిన రెండు ప్రతులలో ఒక్కొక్కదాని యందు సుమారు 300 కోట్ల అక్షరములుండును. వ్రాతలో తప్పులు దొర్లును, పెక్కింటిని దేహమే దిద్దుకొనును, కొన్ని మిగిలిపోవును. కణము పెరుగుటను అదుపుచేయు అక్షరములలో అట్టి తప్పులు కొన్ని కూడినపుడు కాన్సరు మొదలగును. మూలకారణమైన జన్యుదోషములలో సుమారు మూడింట రెండువంతులు ఈ లేఖనప్రమాదములే యని 2017లో టొమసెట్టి, వోగెల్‌స్టైనులు లెక్కకట్టిరి. ఈ లెక్కపై శాస్త్రజ్ఞులలో వాదములు జరిగినవి. మూడింట రెండువంతుల కాన్సరులు నివారింపరానివని దీని యర్థము కాదు. ఒక్క కాన్సరునకు పెక్కు దోషములు కూడవలసియున్నందున, అందొకదానిని తప్పించినను రోగమే తప్పవచ్చును. ఏది ఎట్లున్నను యాదృచ్ఛికమునకు ఇందు పెద్దపాలు కలదనుట నిజము. తాటియాకులపై గ్రంథములు వ్రాసిన మన పూర్వలేఖకులు గ్రంథాంతమున, తప్పులున్నచో తమ్ము నిందింపవలదని పాఠకుని వేడుకొనుట ఆచారము. కాగితమున దొర్లిన తప్పునకు లేఖకుని క్షమించు మనము, కణమున దొర్లిన తప్పునకు రోగిని క్షమింపలేమా?

స్త్రీల యెడ ఈ నింద మరింత క్రూరము. గర్భాశయముఖపు కాన్సరు పాపిల్లోమా అను వైరసువలన వచ్చునని స్థాపించినందుకు హరాల్డ్ జుర్ హౌజెనునకు 2008లో నోబెలు బహుమానము వచ్చినది. వైరసు దాంపత్యసంబంధమున సోకునని తెలిసినంతనే ఆ రోగిష్ఠురాలి శీలమును శంకించువారు బయలుదేరిరి. లోకమున పెద్దవారిలో అత్యధికులకు ఈ వైరసు ఎప్పుడో యొకప్పుడు సోకుచునే యున్నది. చాలమందికి దానంతట అది పోవును. ఇల్లు కదలని ఇల్లాలికి భర్తవలననే అది రావచ్చును. బాలికలకు టీకాయు, స్త్రీలకు కాలమున పరీక్షయు దీనికి సాధనములు కాగా, మనము శీలపరీక్షతో సరిపెట్టుకొనుచున్నాము.

ఇక మధుమేహము. భారత వైద్యపరిశోధనా మండలి వారి సహకారముతో జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనమున, దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహమున్నట్లు తేలినది. అధికమైన కొవ్వునకు 13 విధముల కాన్సరులతో సంబంధమున్నదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2016లో చెప్పినది. కనుక ఈ రెండు వ్యాధులను వేర్వేరుగా తలంపరాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువల వెంట వరి పరచుకొన్న సీమ మనది. మడక దున్ని, కోత కోసి, కావడి మోసిన తాతకు వడ్డించిన కంచమే నేడు గల్లాపెట్టె ముందు కూర్చుండు మనుమనికి వడ్డించుచున్నారు. కంచము అదే, కష్టము పోయినది. ఇది ఒక్క మనుమని దుర్గుణమా, లేక ఒక సీమ బ్రతుకుతీరు మారుటయా?

ఇంకను లోతునకు పోదము. 1944-45 చలికాలమున హాలెండులో యుద్ధమువలన కరవు వచ్చినది. ఆ దినములలో తల్లి గర్భముననున్న శిశువులు ఏబదియేండ్లవారైన పిమ్మట పరీక్షింపగా, చక్కెరను వశపరచుకొను శక్తి వారిలో ఇతరులకంటె తక్కువగా నుండెను. తల్లి యాకలి బిడ్డ రక్తమున ఏబదియేండ్లు దాగియుండెనన్నమాట. ఆ బిడ్డను తిండిపోతని నిందించుట ఎంత అన్యాయము!

ఇచట ఒక పూర్వపక్షము రాక తప్పదు. "ఎవరిని నిందింపరాదన్నచో ఎవరును జాగ్రత్తపడరు. పొగాకు కాన్సరు తెచ్చుననుట నిజము కాదా? శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగవలన అంగిలికి కాన్సరు వచ్చుట వైద్యులు చూపలేదా? పురుషకారమే లేదందురా?" అని. ఈ యాక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. పొగాకు విషయమున మేము వెనుదీయము. పాఠశాలలో పదునైదేండ్ల బాలునితో "దీనిని ముట్టకుము, ఇది ప్రాణము తీయును" అని ఎన్నిమారులైనను చెప్పవలెను. కాని మాటకు కాలము కలదు. రోగమునకు ముందు చెప్పిన మాట హితము. ఆ మాటనే రోగిమంచము ప్రక్కను నిలిచి చెప్పినచో అది దెబ్బ. మంచమున నున్నవానికి గూడ పొగ మాన్పించుట మేలే. చికిత్స చక్కగా ఫలించును. అప్పుడైనను "ఇకమీదట మానుము" అనుటకును "నీవలననే వచ్చినది" అనుటకును ఎంతయో భేదమున్నది. మొదటిది రానున్న దినములను చూచును. రెండవది గడచిన దినములను త్రవ్వును. వానిని దిద్దుట రోగికిని శక్యము కాదు, మనకును కాదు.

అంతేకాక, పురుషకారము ఒక్కనిది మాత్రమే కాదు, సంఘమునకును కలదు. 2020 డిసెంబరులో ఏలూరిలో వందలమంది ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోయిరి. అది కాన్సరు కాదు. అయినను అది నేర్పిన పాఠము ఇచటికి చెల్లును. ఢిల్లీ ఎయిమ్సు వారి పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల శేషములను గూర్చియు పరిశోధకులు చెప్పిరి. తాను త్రాగు నీటిని, తాను కొను కూరగాయను పరీక్షించి తీసికొనగల శక్తి ఆ జనులలో ఎవరికున్నది? పొగాకు అమ్మకముపై పన్ను గైకొనుచు, పొగాకువలన చెడినవానిని అవివేకియనుట సంఘమునకు తగునా?

కర్మసిద్ధాంతమును విశ్వసించువారికి ఒక్క మాట. ఆ సిద్ధాంతమును మేము పరిహసింపము. కాని పూర్వకర్మను మన శాస్త్రములే అదృష్టమన్నవి, అనగా కనబడనిది. కనబడని దానిని చూచినట్లు పరుని మీద తీర్పు చెప్పుటకు ఆ సిద్ధాంతమున చోటెక్కడిది? పైగా రోగి యనుభవించునది అతని పూర్వకర్మయే యనుకొన్నను, అతనికి నీరందించుటయో, అందింపకుండుటయో నేడు మన చేతిలోనున్న కర్మ. ఫలము దానికిని కలదు.

కనుక మా నిర్ణయమిది: కారణజ్ఞానము నివారణకును, చికిత్సకును, దయకును ఉపయోగింపవలెను, నిందకు ఉపయోగించినచో అది జ్ఞానమే యైనను అపకారమే చేయును. మన వీథిలో ఒక యింట పెద్దవ్యాధి వచ్చినదని విన్నపుడు "ఎందుకు వచ్చినది?" అను ప్రశ్నను వైద్యునకు విడిచిపెట్టుదము. మన మడుగవలసినవి వేరు కలవు. ఆసుపత్రికి మరల ఎప్పుడు పోవలెను? తోడు ఎవరు వచ్చుచున్నారు? ఆ దినమున ఇంట పిల్లలకు అన్నము ఎవరు వండుదురు?