బ్యాండు, సోదరభావం, సేవ

విలియం ఎ. స్క్రాగ్స్ అమెరికాలోని ఓక్లహోమా ఎ అండ్ ఎమ్ కళాశాల బ్యాండులో వాద్యకారుడు. బ్యాండులోని ఉత్తమ విద్యార్థులందరినీ ఒక సోదర సంఘంగా చేర్చాలన్నది ఆయన ఆలోచన. ఎ. ఫ్రాంక్ మార్టిన్ తదితర సహవిద్యార్థులు తోడు రాగా, బ్యాండు నిర్దేశకుడు బొహుమిల్ మకోవ్‌స్కీ అండగా నిలిచాడు. అలా 1919 నవంబర్ 27న స్టిల్‌వాటర్‌లో 10 మంది విద్యార్థులతో కప్పా కప్పా సై పుట్టింది. కళాశాల బ్యాండులకు సేవ చేయడమే దాని లక్ష్యం. 1977 నుంచి మహిళలకూ సభ్యత్వం ఇస్తోంది.

ఇక్కడ ఒక తాత్త్విక ప్రశ్న ఉంది: ప్రతిభకు దక్కే గౌరవం అహంకారాన్ని పెంచదా? గీత చెప్పిన నిష్కామకర్మ దీనికి సమాధానం. ఎంపిక కావడం ప్రతిఫలం కాదు, బాధ్యత. వాద్యాలు మోయడం, కుర్చీలు సర్దడం, కొత్తవారికి నేర్పడం కూడా వాయించడమంత పవిత్రమైన పనులే.

మన సంగీత సంప్రదాయంలోనూ ఇదే భావం కనిపిస్తుంది. త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో (ఇంటింటా భిక్ష స్వీకరిస్తూ) జీవిస్తూ శిష్యులకు సంగీతం నేర్పాడు. సామూహికంగా పాడుకోవడానికి దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రచించాడు. అలాంటి భజన గోష్ఠిలో పెద్ద విద్వాంసుడి గొంతూ, తాళం వేసే పిల్లవాడి గొంతూ ఒకే నామాన్ని పలుకుతాయి.

మన ఊళ్లో భజన సాగినా, స్టిల్‌వాటర్‌లో బ్యాండు మోగినా ధర్మం ఒక్కటే: నేర్చిన విద్యను తోటివారికి అందించినప్పుడే అది సార్థకమవుతుంది.