అనుభవము అంగడిలో దొరకునా?

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల సభకు అనుభవ మంటపమని పేరు. పాండిత్య మంటపమని కాదు. పడవ నడపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, త్రాళ్ళు పేనెడి చందయ్య అచ్చట సరిసమానముగ కూర్చుండిరి. వారి మాటకు విలువ తెచ్చినది వారి చేతిపని.

నేడు ఆ అనుభవ శబ్దమే కొండాపురము యువకునికి అడ్డుగోడయైనది. కంప్యూటరు విద్యలో పట్టా కలదు. చదువుకై తండ్రి చేసిన అప్పు కలదు. ఏ సంస్థకు పోయినను మొదటి ప్రశ్న, అనుభవ మెంత? ఉద్యోగము లేనిదే అనుభవము రాదు, అనుభవము లేనిదే ఉద్యోగము రాదు. ఈ చిక్కులో నుండగా నగరపు దళారి ఒకడు, సొమ్మిచ్చినచో రెండేండ్ల అనుభవపత్రము పుట్టింతు ననును. తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోవుట అప్పుడే. సంస్థలు భవిష్యనిధి ఖాతాలను సైతము సరిచూచుచున్న దినములివి. పట్టుబడినచో కొలువును పోవును, పేరును పోవును. పట్టుబడకున్నను, చేయని పనిని చేసితినని చెప్పి తెచ్చుకొన్న జీతము సత్యశుద్ధ కాయక మగునా? ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి ఏరితెచ్చిన బియ్యమునే లక్కమ్మ తిరిగి పంపించెను.

మార్గము ఇంటిలోనే కలదు. పొరుగు మండలమగు కలిగిరిలో పొగాకు వేలము జరుగును. బేళ్ళ తూకము, ఒక్కొక్క బేలునకు పలికిన ధర, బ్యాంకు అప్పుక్రింద పట్టుకొన్న సొమ్ము, వీనిని రైతు చీటీలపై వ్రాసికొనును. ఆ లెక్కకు కుమారుడు చిన్న ప్రోగ్రామును వ్రాయవచ్చును. మొదటి దినమే అది తప్పును. ధర పలుకక తిరిగివచ్చిన బేలు సంగతి అతడు తలంపనే లేదు. తండ్రి విసుగుకొనును, కుమారుడు దిద్దును. పొరుగు రైతు తనకును కావలెననును. వాని లెక్క వేరు. పాతది చెడకుండ క్రొత్తది చేర్చుట, ఎప్పుడేమి మార్చెనో వ్రాసియుంచుట, తాను లేనప్పుడు ఇంకొకరికి తెలియునట్లు చేయుట, సంస్థలు అడుగు అనుభవము ఇదియే కదా! జీతము లేదు గాని, వాడుకొనువాడు కలడు.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటరు కొఱకు వ్రాసికొన్న లినక్సును అందఱి యెదుట పెట్టెను; ముక్కు మొగ మెఱుగనివారు దానిని దిద్దిరి. నేటికిని అట్టి బహిరంగపు పనులలో ఎవరైనను చేరవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020-21 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినది. దానిని కూడ కాగితముతో సరిపెట్టువారు లేకపోలేదు. ఇక కృత్రిమ మేధయే ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచుండగా నేర్వనేల యందురు కొందఱు. వ్రాసి యిచ్చును, నిజమే. లెక్క తప్పిననాడు తండ్రి యెదుట నిలువవలసినవాడు మాత్రము కుమారుడే.

మఠములకును ఇందు పని కలదు. దాసోహమునకు వచ్చిన బియ్యము, పప్పు, విరాళముల పద్దులను ఊరి విద్యార్థికి అప్పగించి, ఆరు మాసములు చూచి, అతడు చేసినదానిని ఉన్నదున్నట్లు ఒక లేఖగా వ్రాసి యీయవచ్చును. దళారి పత్రముకంటె అది చిన్నదే. అయినను ఎవరు ఫోను చేసి అడిగినను మఠాధిపతి తడబడక అవుననగలడు.