కాళ్ళతో కలచిన నీళ్ళు

ధ్యానభాగము: యెహెజ్కేలు 34:18, 19



యెహెజ్కేలు ప్రవక్త దినములలో దేవుడు బలిసిన గొఱ్ఱెలమీద ఒక నేరము మోపెను. మేత మేసినందుకు కాదు, నీళ్ళు త్రాగినందుకును కాదు. త్రాగగా మిగిలిన నీటిని కాళ్ళతో కలచినందుకు. వెనుక వచ్చిన మంద ఆ బురదనే త్రాగవలసి వచ్చెను. ఈ భాగము చదివినప్పుడెల్ల, మనకు దిగువను ఎవరు త్రాగుచున్నారా అని నాకు తోచును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారమైన మనము సముద్రమునకు దూరస్థులము. మనలో అనేకులు దానిని చూచియుండరు. అయినను మదనపల్లె ప్రక్కన పారు బాహుదా చెయ్యేటికి, చెయ్యేరు పెన్నకు పోవును. పెన్న నెల్లూరు సీమలో సముద్రమును చేరును. కుప్పము సీమ పాలారు తమిళనాడు మీదుగా అదే బంగాళాఖాతమునకు పోవును. ఇవి ఏడాదిలో చాల దినములు ఇసుకయే గదా అందురేమో. నిజమే. ఆ ఇసుకలోనే మనము చెత్త పోయుచున్నాము. వాన వచ్చి దానిని తీసికొని పోవుచున్నది.

ఆ సముద్రములో ఆలివ్ రిడ్లే అను తాబేళ్ళున్నవి. చలికాలము మొదలు వేసవి వరకు ఆడ తాబేళ్ళు రాత్రివేళ మన ఆంధ్ర తీరమునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి పోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు పైకి వచ్చి, నీటిమీది వెలుగును బట్టి సముద్రమువైపు ప్రాకును. త్రోవ చూపు తల్లి అక్కడ ఉండదు. ఆదికాండము మొదటి అధ్యాయము చూడుడి: దేవుని మొదటి ఆశీర్వాదము మనుష్యునికి కాదు, జలచరములకును పక్షులకును దొరికెను.

వాటి ఆహారములో జెల్లీ చేప ఒకటి. నీటిలో తేలు పలుచని కవరు దానివలెనే కనబడును. తాబేలు గొంతులో లోపలికి వంగిన ముండ్లవంటివి ఉన్నవి. జారుడు ఆహారము బయటికి పోకుండుటకు దేవుడు చేసిన ఏర్పాటది. దానివలననే మ్రింగిన కవరును అది ఉమియజాలదు. కడుపు నిండియుండియు ఆకలితో చచ్చును. న్యాయముగా చెప్పవలెనంటే, మన తీరమున చచ్చిన తాబేళ్ళలో అనేకములు మరబోట్ల వలలలో చిక్కి, ఊపిరికై పైకి రాలేక చచ్చినవే. ఆ లెక్క వారిది. కవర్ల లెక్క మనది.

నా లెక్క చెప్పెదను. 2021లో మా సంఘపు కోత పండుగకు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు తెప్పించినది నేనే. కడుగు పని తప్పినదని సంతోషించితిని. అయిపోయిన పిమ్మట అన్నియు దేవాలయము వెనుక వంకలో పోయించితిని. నవంబరులో గొప్ప వానలు కురిసెను. 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. వారి కుటుంబములకొరకు ప్రార్థన చేసితిమి. మా వంకయు శుభ్రమాయెను. ఆ చెత్త ఎవరి పొలములో పడెనో నేను విచారింపలేదు.

మరుసటి వేసవిలో మా సంఘపు ముసలమ్మ ఒకతె ఆవు మేత మాని పడిపోయెను. చచ్చిన పిమ్మట పశువుల డాక్టరు కడుపు కోయగా కుండంత కవర్ల ముద్ద బయటపడెను. ఆమె దానిని చూచి, "ఏట్లో పోయిందనుకుంటిమి గదా అయ్యోరూ, అంతా పోలేదే" అనెను. నన్ను నిందింపలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి చట్టముచేత నిషేధింపబడినవి. మన సంతలలో మాత్రము పలుచని కవరు ఇంకను చేతికి వచ్చుచునే యున్నది. టమోట రైతులైన సహోదరులకు ఒక మాట: పంట తీసిన తరువాత మల్చింగు షీటును చింపి గట్టున పారవేయకుడి. తగులబెట్టకుడి, ఆ పొగ మన పిల్లల రొమ్ములలోనికే పోవును. చుట్టి కట్టి పాత సామాను కొనువానికి వేయుడి. వచ్చునది కొద్దియే గాని వేయుడి.

ఈ ఏట మా కోత పండుగకు ఎవరి పళ్ళెము, ఎవరి చెంబు వారు తెచ్చుకొందురు. మరచినవారికి విస్తళ్ళు కుట్టించుచున్నాము. ముందటి శనివారము ఉదయమున గంపలు, పారలు తీసికొని వంకలోనికి దిగెదము. ముసలమ్మ తన గంపను అప్పుడే దేవాలయము అరుగుమీద పెట్టి పోయినది.