ఇల్లు పాతబడుతుంది, ధర పెరుగుతుంది

ఇల్లు కట్టిన రోజు నుంచే పాతబడటం మొదలుపెడుతుంది. కప్పు కారుతుంది, దూలానికి చెద పడుతుంది. ఏటా అలకని మట్టి గోడ ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మరి అమెరికాలోని సియాటిల్ నగరంలో వందేళ్ల నాటి చెక్క ఇల్లు, కట్టిన నాటికంటే ఎన్నో రెట్ల ధర ఎలా పలుకుతోంది? ఆ పెరిగిన ధర న్యాయంగా ఎవరిది? మమ్మల్ని పట్టుకున్నది ఈ రెండో ప్రశ్న.

సియాటిల్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. డువామిష్, సుక్వామిష్ తెగల నాయకుడి పేరే ఆ ఊరికి పెట్టారు. (నేలను, ఆకాశాన్ని అమ్మడం గురించి ఆయన మాటలుగా మన పోస్టర్ల మీద కూడా కనిపించే ఉపన్యాసం 1970ల మొదట్లో టెడ్ పెర్రీ అనే రచయిత ఒక సినిమా కోసం రాసింది. ఉపాధ్యాయులు తరగతిలో ఈ సంగతి చెబితే మంచిది.) సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా ఆ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు.

2010లో ఆ నగర జనాభా 6,08,660. 2020 నాటికి 7,37,015. అమెజాన్ వంటి కంపెనీలు పెరిగాయి, పెద్ద జీతాలతో జనం వచ్చారు. ఇళ్లు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. నివాస భూమిలో దాదాపు మూడు వంతులు ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఇల్లు కట్టాలనే నిబంధన కింద చాలా కాలం ఉండిపోయింది. ఆ పట్టు సడలించి, నగరాల్లో ఒక స్థలంలో నాలుగు ఇళ్ల దాకా కట్టుకోనిచ్చే చట్టం రాష్ట్రంలో 2023లో గాని రాలేదు. ఈలోగా 2012 తర్వాతి పదేళ్లలో ఇళ్ల ధరలు రెండింతలకు మించిపోయాయి.

పెరిగింది గోడల విలువ కాదు, గోడల కింది నేల విలువ. ఇందుకు అదే ఊళ్లో రుజువు ఉంది. 1970 ప్రాంతంలో విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీ పదుల వేల మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. జనం ఊరు విడిచిపోతుంటే, ఆఖరున వెళ్లేవాళ్లు దీపాలు ఆర్పేసి వెళ్లండని 1971లో ఎవరో బోర్డే పెట్టారు. ఇళ్లకు గిరాకీ పడిపోయింది. ఆ ఇళ్లకు ఏమైంది? ఏమీ కాలేదు. అవే గదులు, అవే కిటికీలు. పక్కవాళ్లు వెళ్లిపోయారు, అంతే. పక్కవాళ్లు పోతే తగ్గేది, పక్కవాళ్లు వస్తే పెరిగేది యజమాని ఒక్కడి చెమట ఎలా అవుతుంది?

హెన్రీ జార్జ్ అనే అమెరికన్ 1879లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాటే వాదించాడు. నేల విలువను పెంచేది సమాజం కాబట్టి దాన్ని పన్నుగా సమాజమే తీసుకోవాలన్నాడు. మాకు ఈ వాదన సగం నచ్చింది. మిగతా సగం దగ్గర ఆగిపోయాం.

ఎందుకంటే యజమానులంతా ఒక్కలాంటివాళ్లు కారు. సియాటిల్‌లో చాలా పేటల్లో నల్లజాతివారికి, ఆసియావారికి, యూదులకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. నల్లజాతి కుటుంబాలు సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో కిక్కిరిసి బతికాయి. బ్యాంకులు అప్పివ్వని రోజుల్లో పైసా పైసా కూడబెట్టి అక్కడ ఇల్లు కొనుక్కున్న ముసలమ్మ దగ్గరికి వెళ్లి, అమ్మా, నీ ఇంటికి పెరిగిన ధర నీది కాదు అని మేము అనలేం. మనవడి చదువు ఆ ధరలోనే ఉండొచ్చు. 1970లలో ఆ పేటలో 70 శాతానికి పైగా నల్లజాతివారే. ఇప్పుడు 20 శాతం కూడా లేరు. ఇల్లున్నవాళ్లు కొందరు మంచి ధరకే అమ్ముకున్నారు, కొందరిని ఇంటి పన్ను తరిమింది. అద్దెకున్నవాళ్లకు మిగిలింది ఖాళీ చెయ్యడమే. ఆ నగరంలో సగానికి పైగా కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఇల్లు లేనివారు 2024 లెక్కలో 16,000కు పైగా తేలారు. అందులో అక్కడి ఆదివాసుల వాటా జనాభాలో వారి వాటాకంటే చాలా ఎక్కువ.

ఇక మొదటి నుంచి ఆ నేల మీద ఉన్నవాళ్ల సంగతి. 1855లో పాయింట్ ఎలియట్ ఒడంబడిక మీద సియాటిల్ నాయకుడు తన గుర్తు పెట్టాడు. డువామిష్‌లకు సొంతంగా ఒక ప్రాంతం మాత్రం దక్కలేదు. 1865లో, తెల్లవారి దగ్గర పనిచేసేవారు తప్ప ఇండియన్లెవరూ సియాటిల్ పట్టణంలో నివసించరాదని పాలకమండలి శాసనం చేసింది. అంటే ఆయన పేరు ఊళ్లో ఉండొచ్చు, ఆయన మనుషులు ఉండకూడదు.

మన యువకుల్లో కొందరు అడుగుతున్నారు: 1/70 చట్టం వల్లే కదా మన భూమికి ధర లేదు, బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, మైదానం వాళ్ల ఎకరం కోటి పలుకుతుంటే మనది ఎందుకు పలకదు? ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. అప్పు పుట్టని కష్టం నిజం, దానికి వేరే దారి ప్రభుత్వమే చూపాలి. కానీ ధర ఎప్పుడు చేతికొస్తుంది? అమ్మినప్పుడు. అమ్మాక ఎక్కడుంటాం? అమెరికాలో 1887 నాటి డాస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి ఒక్కొక్కరి పేర పట్టా రాసి, కొంతకాలం గడిచాక అమ్ముకోనిచ్చింది. మిగులు పేరుతో కొంత ప్రభుత్వమే తీసుకుంది. అప్పటి 13 కోట్ల 80 లక్షల ఎకరాల్లో 1934 నాటికి తెగల చేతుల్లో మిగిలింది 4 కోట్ల 80 లక్షలు. అందుకే మేము 1/70 పక్షాన ఉన్నాం, ధర పలకకపోయినా సరే.

డువామిష్‌లు ఈనాటికీ ఆ నది ఒడ్డునే ఉన్నారు. కూడి కూర్చోవడానికి తమ పద్ధతిలో ఒక పొడవాటి ఇల్లు కట్టుకున్నారు. 2009లో అది తెరుచుకుంది. దాని కింది స్థలాన్ని వాళ్లు డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. 2017 నుంచి ఆ నగరంలో కొందరు, చట్టం అడగకపోయినా, తామున్న నేలకు అద్దె అని నెలనెలా డువామిష్‌లకు కొంత సొమ్ము పంపుతున్నారు. ఎంత పంపాలన్నది పంపేవాళ్ల ఇష్టం.