పాట వెనక ఇల్లు

మా వారికి పాటల పిచ్చి ఉందని పెళ్లికి ముందు చెప్పారు. పెళ్లయ్యాక తెలిసింది, ఆయనకున్నది పాటల పిచ్చి కాదు, చప్పుళ్ల పిచ్చి అని. చందానగర్‌లో మా ఫ్లాటు హాల్లో పెద్ద సోఫాకు చోటు లేదు గానీ రెండు నిలువెత్తు స్పీకర్లకూ, ఆంప్లిఫైయరుకూ, రికార్డ్ ప్లేయరుకూ, ఓ పాత క్యాసెట్ డెక్కుకూ చోటుంది. ఇంటికొచ్చిన వాళ్లను స్పీకర్లకు సరిగ్గా మధ్యన కూర్చోబెట్టి "ఇప్పుడు వినండి" అంటారు. పాట మొదలవుతుంది. వాళ్లు మర్యాదకు తలలూపుతారు. "పాట కాదండీ, దాని వెనక వినండి. కుర్చీ కిర్రుమంది, విన్నారా?" అంటారీయన, తనే ఆ కుర్చీ చేసిన వడ్రంగి అయినట్టు.

అది సామాన్యమైన కుర్చీ కాదట. బీటిల్స్ అనే ఇంగ్లండు కుర్రాళ్లు 1967లో విడుదల చేసిన 'ఎ డే ఇన్ ది లైఫ్' అనే పాట చివర కొందరు కలిసి పియానోల మీద ఒక్కసారిగా స్వరాలు నొక్కి వదిలేస్తారు. ఆ నాదం నలభై సెకన్లకు పైగా సన్నబడుతూ పోతుంది. అది సన్నబడే కొద్దీ రికార్డు చేసేవాళ్లు మీటను పైపైకి జరుపుతూ పోయారు. దాంతో నాదంతో పాటు గదీ పైకి తేలింది, గదితో పాటు కుర్చీ కూడా! మనింట్లో డైనింగు టేబులు కుర్చీ ఆరు నెలలుగా మూలుగుతుంటే ఒక్క మేకు కొట్టమన్నా కొట్టని మనిషి, లండను కుర్చీ మూలిగితే కళ్లు మూసుకుని ఆనందిస్తారు. ఏం చెయ్యను?

ఇంకొకాయన ఉన్నాడు, గ్లెన్ గూల్డ్ అని కెనడా పియానో విద్వాంసుడు. వాయిస్తూ వాయిస్తూ తనలో తాను కూనిరాగం తీసేవాడు. రికార్డు చేసేవాళ్లు ఎంత మొత్తుకున్నా ఆ అలవాటు పోలేదు. 1955లో చేసిన రికార్డులోనూ ఉంది, చనిపోవడానికి ఏడాది ముందు, 1981లో మళ్లీ అదే సంగీతం వాయించినప్పుడూ ఉంది. మొదట పియానో నేర్పింది వాళ్లమ్మే. ఆ కూనిరాగం వింటే మాత్రం నాకు నవ్వు రాదు. పొయ్యి దగ్గర తనను ఎవరూ చూడటం లేదనుకుని పాడుకునే మనిషి గుర్తొస్తుంది.

పోనీ మన దగ్గర లేవా అంటే, ఎందుకు లేవు? తొలినాటి టాకీల్లో నటులు కెమెరా ముందే పాడేవారు, వాద్యగాళ్లు చెట్ల చాటునా తెరల చాటునా దాక్కుని వాయించేవారు. కాకులు అరిచి షాటు పాడు చేస్తాయని వాటిని తోలడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టేవారంటారు. కాకిని తోలే ఉద్యోగం! నాకిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఇలా నవ్వుకుంటూ ఉండేదాన్ని, మొన్న దసరా దాకా.

మా పుట్టిల్లు వెలిమెల. రామచంద్రాపురం దాటి లోపలికి పోవాలి. ఇప్పుడంటే సంగారెడ్డి జిల్లా, దగ్గర్లో ఔటర్ రింగు రోడ్డు, పొద్దస్తమానం తిరిగే టిప్పర్లు. అప్పుడు మెదక్ జిల్లా, జొన్నచేలు. 1986లో దమ్మాంలో పనిచేసే మా మేనమామ సెలవు మీద వస్తూ ఓ నేషనల్ పానసోనిక్ టేప్ రికార్డరు తెచ్చాడు. తిరిగి వెళ్లే ముందు మా అమ్మ చేత ఒక రామదాసు కీర్తన పాడించి క్యాసెట్‌లోకి ఎక్కించుకుని పోయాడు. నాకప్పుడు ఆరేళ్లు. ఆ క్యాసెట్ గల్ఫుకు పోయి, పదేళ్లు అక్కడుండి, మామతో పాటే తిరిగొచ్చింది. మా ఇంట్లో అందరికీ ఆ పాట నోటికొచ్చు. రెండు చరణాలు. అమ్మ రెండే పాడింది కాబట్టి ఆ కీర్తనకు రెండే చరణాలని చాలా ఏళ్లు నా నమ్మకం. పెద్దయ్యాక ఎక్కడో పుస్తకంలో మూడోది కూడా చూసి ఆశ్చర్యపోయాను.

దసరా సెలవుల్లో మా వారు ఆ క్యాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించి, కొత్తగా కొన్న హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించారు. నేను కూర్చున్నది చందానగర్‌లో, చెవులున్నది వెలిమెలలో! చేదబావి గిలక, ఎడ్ల మెడలో గంటలు, ఎవరో బిందె దించిన చప్పుడు. అమ్మ రెండో చరణం ముగించి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి వెనకాల, ఇన్నేళ్లూ గుసగుసలా ఉన్నది నాయనమ్మ గొంతై వినిపించింది.

"ఇగ చాలు తియ్యవే పాట. ఎసరు మరుగుతుంది, బియ్యం ఎవరు పోస్తరు?"

తర్వాత గాజుల చప్పుడు. టక్కున బటను నొక్కిన చప్పుడు. అంతే.

అంతసేపూ దాగున్న మాట అక్కడే ఎందుకు వినపడిందని అడిగితే మా వారు ఉత్సాహంగా చెప్పారు. ఆ కాలపు టేప్ రికార్డర్లు శబ్దం మోతాదును తమంతట తామే సర్దుకునేవట. దగ్గర్లో గట్టిగా పాడుతుంటే తగ్గించుకుంటాయి. పాట ఆగిందంటే ఇంకేముందా అని చెవులు రిక్కిస్తాయి. అచ్చం మా పక్కింటావిడలాగా! పాడినంతసేపూ అమ్మ, ఊపిరి తీసుకోగానే ఇల్లు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అదన్నమాట మూడో చరణం కథ! ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, జన్మకొకసారి దొరికిన టేప్ రికార్డరు ముందు పాడుకుంటుంటే పూర్తిచెయ్యనివ్వలేదు కదా ముసలావిడ! నవలలు రాసేదాన్ని, ఊరుకుంటానా? వారం తిరక్కుండా ఒక మహిళా సభలో మాట్లాడమంటే ఈ సంగతే చెప్పేశాను. "ఎసట్లో పడిన చరణాలు ఎన్నో" అన్నాను. చప్పట్లు మోగాయి. ఇద్దరు ముగ్గురు కళ్లు కూడా తుడుచుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను కథలో ముద్దాయిని చేసిన ఆ మనిషి, 1997లో నన్ను డిగ్రీలో చేర్చడానికి తన వెండి కడియాలు అమ్మిన మనిషి. 2001లో పోయింది. డెబ్భై ఏళ్లకు పైగా బతికిన మనిషిలో యంత్రానికి చిక్కింది రెండే వాక్యాలు. ఆ రెండింటినీ పట్టుకుని నేను తీర్పు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చాను. ఆవిడ రికార్డరు ముందుకొచ్చి ఆ మాట అనలేదే! మైకుందని కూడా తెలిసి ఉండదు. తలుపు చాటు నుంచి విన్న మాటకూ, దీనికీ తేడా ఏమిటి? తలుపు చాటున వినడం తప్పని మనకు చిన్నప్పుడే చెప్తారు. నలభై ఏళ్ల తర్వాత, ఖరీదైన హెడ్‌ఫోన్లతో వింటే తప్పు కాకుండా పోతుందా? మీరే చెప్పండి.

గౌహర్ జాన్ రికార్డులు వినే ఉంటారు మీలో కొందరు. 1902లో కలకత్తాలో పాడింది. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెబుతుంది. ఆ మాట శ్రోతలకు కాదట. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో, అక్కడి పనివాళ్లకు ఎవరి పాటో తెలియాలి కదా! ఎవరో పనివాళ్ల కోసం అన్న మాటను నూరేళ్లు దాటినా మనం వింటున్నాం, మురిసిపోతున్నాం కూడా. కానీ ఆవిడ అన్నది తన పేరు. అందులో ఎవరి పరువూ లేదు. మా నాయనమ్మ సంగతి అలాంటిది కాదే!

ఇంతలో న్యూజెర్సీ నుంచి తమ్ముడి ఫోను. వాడికీ ఆ పాట పంపించాను లెండి. "అక్కా, ఆ వెనక చప్పుళ్లన్నీ తీసేయించి అమ్మ గొంతు ఒక్కటే ఉంచుదాం. పిల్లలకు నీట్‌గా ఇవ్వాలి" అన్నాడు. ఇప్పుడది కష్టమేం కాదట. జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో కూర్చుని క్యాసెట్‌లోకి పాడుకున్న పాటలో నుంచి, పియానో చప్పుడు వేరు చేసి, గొంతు ఒక్కటే కంప్యూటరు చేత బయటికి తీయించి 2023లో 'నౌ అండ్ దెన్' అనే పాటగా విడుదల చేశారు. పోయిన మనిషి గొంతు కడిగిన ముత్యంలా వినబడింది. బాగుంది, కాదనను. ఆయన పాటను తోటివాళ్లు పూర్తిచేశారు, అదో ఋణం. మా అమ్మ పాటలో కంప్యూటరు ఎవర్ని కడిగేస్తుంది? కోపంలో ఉన్నప్పుడైతే "తీసెయ్" అనేదాన్నేమో. ఇప్పుడు తీసేస్తే నేను చేసిన తప్పుకు సాక్ష్యం కూడా పోతుంది. తీర్పు నాది మిగులుతుంది, ఆవిడ గొంతు మిగలదు.

సదాశివపేటలో ఉంటున్న మామకు ఫోను చేశాను. నువ్వెప్పుడైనా ఆ మాట విన్నావా అని.

"ఎందుకినలే? ఎన్నిసార్లో ఇన్న" అన్నాడు. "అక్క పాట నాకెట్లైనా వచ్చు కద బిడ్డా. ఆడ రూముల పదిమందిమి పండుకునేటోల్లం. గిలక చప్పుడు కోసం, గా ఎసరు మాట కోసం మల్ల మల్ల తిప్పి పెట్టుకునేటోన్ని. అది ఇంటుంటే ఆకలయ్యేది."

మా ఇద్దరిలో ఎవరు సరిగ్గా విన్నట్టు? అదే రెండు వాక్యాలు. ఆయనకు అన్నం వినబడింది, నాకు అన్యాయం వినబడింది.

ఇక లాభం లేదని ఆదివారం హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకుని వెలిమెల వెళ్లాను. అమ్మకు తగిలించాను. రెండు చెవులూ మూతబడేసరికి "ఏందే, చెవుడొచ్చినట్టుంది" అని నవ్వింది. పాట మొదలైంది. తన గొంతు విని పెద్దగా పట్టించుకోలేదు. చివరకొచ్చేసరికి మొహం మారిపోయింది. "అయ్యో, అత్త!" అంది. "మల్ల పెట్టు." మళ్లీ పెట్టాను. మూడుసార్లు పెట్టించుకుంది, పాట కాదు, ఆ ముక్కే.

నేనే ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు నిన్ను పాడనివ్వలేదు కదమ్మా."

"ఎవరు పాడనియ్యంది? మూడో చరణం నాకేడ యాదికున్నదే? రెండు కాంగనే ఎట్ల ఆపాల్నో, తమ్ముడు ఏమనుకుంటడోనని గుండె దడదడ కొట్టుకుంటుండె. అత్త పిల్వంగనే బతుకుజీవుడా అని లేచిన."

నా చప్పట్లన్నీ ఒక్కసారిగా నా చెంపల మీద మోగినట్టయింది. కాసేపటికి తేరుకుని, తమ్ముడు ఆ మాట తీసేయిద్దామంటున్నాడని చెప్పాను.

"తీసేస్తే బియ్యం ఎవరు పోస్తరు?" అంది అమ్మ, చాలా మామూలుగా, లేచి పోతూ.

నిజంగానే మరిచిపోయిందా, లేక చనిపోయిన అత్తగారిని నా ముందు కాపాడుతోందా? ఆ తరం ఆడవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. మొహం చూసి కనిపెడదామంటే అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది. మా వారి స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు ఎన్ని పెట్టినా దొరికే సంగతి కాదిది.

సాయంత్రం పెరట్లో తులసికోటకు నీళ్లు పోస్తూ అమ్మ సన్నగా ఆ కీర్తనే పాడుకుంటోంది. మొదటి చరణం అయింది. రెండోది మొదలైంది. బయట టిప్పరు ఏదో పోతుంటే నేను చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి చేరి, చెక్కకు చెవి ఆనించాను. రెండో చరణం చివరికొస్తోంది. అప్పుడు చూసుకున్నాను, నేను నిలబడ్డ చోటు. పక్కనే ఉన్న ఖాళీ బకెట్టును కాలితో గట్టిగా నెట్టాను.

"ఎవరది?" అంది అమ్మ.

"నేనేనమ్మా" అని తలుపు తీశాను.