ఎవరి పేరున ఆడారు?

1948 జూలై 29న లండన్ వెంబ్లీ స్టేడియంలో ఒలింపిక్స్ మొదలైనప్పుడు స్వతంత్ర భారతదేశం పేరున ఒక బృందం మొదటిసారి నడిచింది. భారత జట్లు అంతకుముందు ఒలింపిక్స్‌కు వెళ్ళకపోలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో ఆడాయి, 1928 నుంచి 1936 వరకు వరసగా మూడుసార్లు హాకీ స్వర్ణం తెచ్చాయి. అవన్నీ బ్రిటిష్ పాలన కిందివి. 1948లో త్రివర్ణ పతాకం పట్టుకుని ముందు నడిచినవాడు తాలిమెరెన్ ఆవ్. నాగా కొండల్లోని చాంగ్‌కీ గ్రామంలో పుట్టి, కలకత్తాలో వైద్యం చదువుతూ, ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడైనవాడు. ఆ నడకతో ఒక పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది. కొద్దిమంది ఒక దేశం పేరున ఆడితే ఆడింది ఎవరు? ఒకరు పడ్డ శ్రమ ఫలం మైదానంలో అడుగే పెట్టని కోట్లమందికి ఎలా చెందుతుంది?

ఈ ప్రశ్నకు మూలం ఆటల్లో లేదు, గుడిలో ఉంది. తమిళనాడు సరిహద్దులోని హోసూరు ప్రాంతంలో, అత్తిముగంలో ఐరావతేశ్వరుడి గుడి ఉంది. ఊరి పేరులోనూ దేవుడి పేరులోనూ ఏనుగే వినిపిస్తుంది. ఇలాంటి ఏ శివాలయంలోనైనా భక్తులు గోత్రం, పేరు, నక్షత్రం చెప్తారు, పూజారి సంకల్పం చెప్పి అర్చన చేస్తాడు. పువ్వు వేసేది పూజారి చెయ్యి, అర్చన మాత్రం పేరు చెప్పుకున్నవారిది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పేరున తల్లి అర్చన చేయిస్తే, ఆ కొడుకు గుడి గడప తొక్కకపోయినా ఫలం అతనికే అని అందరూ ఒప్పుకుంటారు. ఈ నమ్మకానికి తర్కం ఏమిటన్నది రెండు వేల ఏళ్ళ కిందటే, వేదకర్మల అర్థాన్ని విచారించే మీమాంసకులు అడిగారు.

జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం అధికారం గురించినది. యాగం చేసే హక్కు ఎవరిది, ఫలం ఎవరిది అని అందులో విచారణ. మూడో పాదంలో ప్రతినిధి చర్చ వస్తుంది. ప్రతినిధి అనే మాటను ఇప్పుడు శాసనసభకూ ఆటల జట్టుకూ వాడుతున్నాం గానీ, అక్కడ దాని అర్థం చాలా నిక్కచ్చిగా ఉంటుంది: ఉండవలసినది దొరకనప్పుడు దాని చోట నిలిచేది. యాగానికి వడ్లు దొరక్కపోతే నివ్వరి ధాన్యం వాడవచ్చు. కానీ దేవతకు ప్రతినిధి లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు. యాగం తలపెట్టిన యజమానికీ లేదు. సాధనం మారవచ్చు, సంకల్పించినవాడు మారకూడదు. యాగం నడిపించే ఋత్విజులు పని చేస్తారు, దక్షిణ పుచ్చుకుంటారు, ఫలం యజమానిదే. ఋత్విజుడు యజమానికి చెయ్యి లాంటివాడే తప్ప అతని బదులు యజమాని కాడు.

జాతీయ జట్టుకు ఈ లెక్కను అన్వయిస్తే ముందుగా తోచేది దేశం యజమాని, ఆటగాళ్ళు ఋత్విజులు అని. వినడానికి సులువుగానే ఉంటుంది. 1948 దగ్గర మాత్రం అది నిలవదు, ఎందుకంటే ఆ యజమాని ఎవరో అప్పటికి తేలనే లేదు. భారతదేశం ఇంకా డొమినియన్. వెంబ్లీలో ఒలింపిక్స్‌ను ప్రారంభించిన ఆరో జార్జి రాజ్యాంగరీత్యా భారతదేశానికి కూడా రాజు. ఆయన తరఫున ఢిల్లీలో గవర్నర్ జనరల్‌గా ఉన్నది హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి. ఆ ఏడాది జూన్ 21నే పదవి చేపట్టాడు. రాజ్యాంగం రాయడం పూర్తి కాలేదు. హైదరాబాద్ సంస్థానం కలవలేదు, సైనిక చర్య సెప్టెంబర్‌లో జరిగింది. ఆగస్టు 12న కిషన్‌లాల్ నాయకత్వంలో హాకీ జట్టు బ్రిటన్‌ను 4-0తో ఓడించి స్వర్ణం గెలిచిన రోజున ఆ సంస్థానంలోని వరంగల్, నల్లగొండ తెలుగువాళ్ళు ఆ జట్టు దేశంలో లేరు. అంటే యజమాని పూర్తిగా కుదురుకోకముందే అతని పేరున యాగం జరిగింది.

మీమాంసలో దీనికి దగ్గరగా వచ్చే ఏర్పాటు మరొకటి ఉంది. అది సత్రం. పదిహేడుమందికి తగ్గకుండా కలిసి చేసే దీర్ఘయాగమది. అందులో పాల్గొన్నవారే యజమానులు, వారే ఋత్విజులు. బయటివాడు డబ్బిచ్చి చేయించేది కాదు గనుక దక్షిణ ఉండదు. మధ్యలో ఒకరు చనిపోతే సంఖ్య తగ్గకుండా మరొకర్ని తెచ్చుకోవచ్చు. యజమానికి ప్రతినిధి లేడన్న నియమానికి ఇదొక్కటే సడలింపు. అలా వచ్చినవాడు పనంతా చేస్తాడు, నియమాలన్నీ పాటిస్తాడు, కానీ ఫలంలో వాటా ఉండదు. 1948 నాటి ఒలింపిక్ ఆటగాడికి ఋత్విజుడి పోలికకన్నా సత్రంలో పాల్గొనేవాడి పోలికే బాగా నప్పుతుంది. అప్పట్లో డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్ళకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. ఆట వాళ్ళ సంకల్పమే, శ్రమ వాళ్ళదే, మొదటి ఫలమూ వాళ్ళదే.

మరి చూసినవారికి, పేపర్లో చదివినవారికి ఏం దక్కింది? దీనికి తెలుగు వ్యాకరణంలో మంచి ఆధారం ఉంది. ఆడి వచ్చినవాడు ఊళ్ళో వాళ్ళతో ‘మేం గెలిచాం’ అంటాడు. విన్నవాళ్ళు ‘మనం గెలిచాం’ అంటారు. ఆడనివాడు పక్కింటివాడితో ‘మేం గెలిచాం’ అనలేడు. అంటే భాషే ఒప్పుకోదు. ‘మేము’లో ఎదుటివాడికి చోటు లేదు, ‘మనము’లో ఉంది. ఫలం ‘మేము’కు పుడుతుంది, ‘మనము’లోకి పంచబడుతుంది. ఈ పంపకం న్యాయమైనదే. అర్చన ప్రసాదం గుడిలో ఉన్నవాళ్ళందరి చేతుల్లో పడ్డట్టే ఇదీ.

కానీ ప్రసాదానికి చెయ్యి చాపినవారికి ఒక బాధ్యత కూడా అంటుకుంటుంది. ఇదే ఎక్కువమంది మరిచేది. యాగంలో లోపం జరిగితే, తప్పు ఋత్విజుడిదైనా, ఫలం చేజారేది యజమానికే. పని నాది, లోపం వాడిది అనే వీలు అతనికి లేదు. 1948 జూలై 31న ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ దీనికి పరీక్ష. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకు అదే మొదటి ఆట. ఆటగాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడారు. ముందు ఫ్రాన్స్ గోల్ చేసింది, రెండో సగంలో శారంగపాణి రామన్ సమం చేశాడు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. శైలెన్ మన్నా ఒకటి, మహావీర్ ప్రసాద్ ఒకటి పోగొట్టారు. చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ మళ్ళీ గోల్ చేసి 2-1తో గెలిచింది. రామన్ గోల్‌ను ‘మనది’ అని, ఆ పెనాల్టీలను ‘వాళ్ళవి’ అని లెక్క కట్టడం ఏ తర్కానికీ ఆనదు. హాకీ స్వర్ణంలో భాగం కావాలంటే ఇల్‌ఫర్డ్ ఓటమిలోనూ భాగం తీసుకోవాలి. ‘మనం ఓడిపోయాం’ అనడానికి నోరు రానివాడికి ‘మనం గెలిచాం’ అనే అధికారం లేదు.

ఈ ‘మనం’ ఎంత వెడల్పు? రామన్ బెంగళూరువాడు. హోసూరుకు బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లు. అప్పట్లో హోసూరు మద్రాసు ప్రావిన్సులోని సేలం జిల్లాలో ఉండేది, బెంగళూరు మైసూరు సంస్థానంలో. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్‌లో మైసూరు జట్టు హోసూరువాడికి ‘వాళ్ళు’. అదే మైసూరు ఆటగాడు లండన్‌లో ‘మనం’. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం వినిపించే ఈ సరిహద్దు ఊళ్ళకు భాష పేరున జట్టు ఎన్నడూ లేదు. సంకల్పం చెప్పే పద్ధతిలో దీనికి చోటుంది. జంబూద్వీపం, భరతవర్షం అని మొదలుపెట్టి, పూజ జరిగే చోటు దాకా, చివరికి గోత్రనామాల దాకా వస్తుంది. ఒకే మనిషి ఆ వలయాలన్నిటిలోనూ ఉంటాడు, ఒకటి చెప్తే మరొకటి చెరిగిపోదు. చాంగ్‌కీలో పుట్టిన ఆవ్ తన కొండలను వదులుకుని జెండా పట్టుకోలేదు.

యాగం పోలిక ఒక చోట మాత్రం ఆగిపోతుంది. యాగ సంకల్పం మొదట చెప్పి ముగిస్తారు. అందులో లేనివాడు తర్వాత వచ్చి ఫలం అడగలేడు. దేశపు సంకల్పం అలా మూసుకోలేదు. 1948 ఆగస్టులో దేశంలో లేని హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. తెలంగాణవాళ్ళు 1948 హాకీ స్వర్ణాన్ని కూడా తమదిగానే చెప్పుకుంటారు, వద్దనేవాళ్ళు లేరు. అవతలి వైపు కూడా తలుపు తెరిచే ఉంది. 1936 బెర్లిన్ స్వర్ణం భారతదేశం లెక్కలోనే ఉంది. దాన్ని ఆడి తెచ్చినవారిలో ఒకడైన అలీ ఇక్తిదార్ షా దారా, 1948 లండన్‌లో తొలిసారి దిగిన పాకిస్తాన్ హాకీ జట్టుకు కెప్టెన్.